150 సీసీ బండికి సీల్డ్ బ్యాటరీయా, నీళ్ల బ్యాటరీయా?

హన్మకొండ రైడర్: బండి 2018ది. సెల్ఫ్ నొక్కితే టక్ టక్ అంటోంది, కిక్ కొడితేనే స్టార్ట్ అవుతోంది. ఉన్నది 12 వోల్టుల 9 ఏహెచ్ (కరెంటు పట్టే కెపాసిటీ) సీల్డ్ బ్యాటరీ, రెండేళ్లు కూడా కాలేదు. చౌరస్తాలో ఒకాయన నీళ్ల బ్యాటరీ వేసుకోమన్నాడు, ఇంకొకాయన లిథియం అన్నాడు. ఏది తీసుకోవాలి?

పరకాల పటేల్: నీళ్లదే. ఎంత తగ్గిందో కళ్లకు కనిపిస్తుంది, పోసుకుంటాం. సీల్డ్ దాంట్లో ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి. నేను కొన్నది ఎండాకాలం దాటకముందే ఉబ్బింది. షాపుకు పోతే వారంటీ కార్డు మీద స్టాంపు లేదన్నారు. వేయాల్సింది వాళ్లే కదా!

కాజీపేట తమ్ముడు: లిథియం వేయించు అన్నా, బరువే ఉండదు.

మంచిర్యాల మెకానిక్: పటేల్ సాబ్, ఉబ్బిందంటే తప్పు బ్యాటరీదే కానక్కర్లేదు. ఛార్జింగ్‌ను అదుపులో పెట్టే రెక్టిఫయర్ చెడి అది 15 వోల్టులు దాటితే ఏ సీల్డ్ బ్యాటరీ అయినా అంతే. నీళ్లదైతే నీళ్లు ఆవిరవుతాయి, మీరు పోస్తూ పోతారు, అసలు రోగం బయటపడదు.

పరకాల పటేల్: నేను డిస్టిల్డ్ వాటరే పోస్తాను. బోరు నీళ్లు పోసే మనిషిని కాదు.

మంచిర్యాల మెకానిక్: బోరు నీళ్లని నేనెక్కడన్నాను? రైడర్ తమ్మీ, ముందు మీటరు పెట్టించు. ఫుల్ ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 నుంచి 12.8 చూపించాలి. ఇంజిన్ రేజ్ చేస్తే సుమారుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది సరిగ్గా ఉంటే మళ్లీ సీల్డే వేసుకో. అందులో యాసిడ్‌ను గాజు నార పీల్చుకుని ఉంటుంది, బండి పడ్డా కారదు. నీళ్ల దానికి గాలి గొట్టం సరిగ్గా పెట్టకపోతే యాసిడ్ చైను మీదో ఛాసిస్ మీదో పడుతుంది. ఏది కొన్నా అదే ఏహెచ్, అదే సైజు, ప్లస్సు మైనస్సు అదే వైపు ఉండాలి. లిథియం ఖరీదెక్కువ, పైగా ఓవర్ ఛార్జింగ్‌ను అది అసలు ఓర్చుకోదు.

గోదావరిఖని బుల్లెట్: కిక్కుంది కాబట్టి బతికిపోయావు. కొత్త పొగ నిబంధనలకు తగ్గట్టు వచ్చిన బీఎస్6 ఇంజెక్షన్ బండ్లకు, ఇంజిన్‌కు పెట్రోలు తోసే పంపు తిరగాలన్నా బ్యాటరీ కావాలి, చాలావాటికి కిక్కే లేదు.

పరకాల పటేల్: ఈ వోల్టుల లెక్కలు ఇక్కడ బాగానే చెప్తారు. షాపులో నా బండికి మీటరు పెట్టినవాడే లేడు. పాతది తీసుకున్నారు, కొత్తది బిగించారు, పైసలు తీసుకున్నారు. బండి బాగైతే మీకు గిరాకీ ఉండదు!

మంచిర్యాల మెకానిక్: మాటలు జాగ్రత్త సాబ్. రెక్టిఫయర్ పోయిందని చెప్తే "బ్యాటరీ కోసమొస్తే ఇంకో ఖర్చు పెడుతున్నాడు" అని తిట్టి పోయేది ఎవరు? చెక్ చేసినందుకు యాభై అడిగితే కొట్లాటే. ఇంక ఎవడు చూస్తాడు ఊరికే?

పరకాల పటేల్: అడగండి, ఇస్తాను! కానీ ఆ రీడింగు బిల్లు మీద రాసి సంతకం పెట్టండి.

మంచిర్యాల మెకానిక్: రాస్తే రేపు వైరింగ్ కాలినా నా మెడకే చుట్టుకుంటుంది. కంపెనీ ఒప్పుకోదు, మీరు వదలరు.

పరకాల పటేల్: అదీ, ఇప్పుడొచ్చింది అసలు మాట. సీల్డూ కాదు, నీళ్లూ కాదు. బాధ్యత ఎవరిదో తేలదు, అంతే.

మంచిర్యాల మెకానిక్: యాభై రూపాయలకు ఎంత బాధ్యత కావాలి మీకు?

హన్మకొండ రైడర్: ఇప్పుడే మీటరు పెట్టించాను. రేజ్ చేస్తే 15.4 చూపిస్తోంది. ముందు రెక్టిఫయర్ మారుస్తా, తర్వాత సీల్డే కొంటా.

పరకాల పటేల్: ఆ 15.4 కాగితం మీద రాయించుకున్నావా?