డ్రోన్ ఎగరేస్తుంటే పోలీసుల్ని పిలుస్తానన్నాడు, ఏం చెయ్యాలి?

అందరికీ నమస్తే. చదువుకోసం అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. ఫోటోల పిచ్చి ముందునుంచీ ఉంది, అందుకని రాగానే చిన్న డ్రోన్ ఒకటి కొన్నాను, 249 గ్రాములది. మొన్న ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వెనకున్న పార్కులో చెరువు మీద పొగమంచు భలే ఉందని ఎగరేశాను. ఐదు నిమిషాలు కూడా కాలేదు, కుక్కని పట్టుకుని ఒకాయన గబగబా వచ్చేసి ఎవర్ని తీస్తున్నావు, ఏం తీస్తున్నావు, ఇక్కడ పిల్లలు ఆడుకుంటారు తెలుసా అని అరిచాడు. నేను "ఇది లీగలే అండీ" అన్నాను. దాంతో ఇంకా మండింది ఆయనకి, ఫోన్ తీసి నన్నే వీడియో తీస్తూ పోలీసులకి ఫోన్ చేస్తానన్నాడు. చేతులు వణికిపోయి ఎలాగో దించేసి ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచి దాన్ని బాక్సులోంచి తియ్యలేదు. స్టూడెంట్ వీసా కదా, పోలీసులంటేనే గుండె జారిపోతోంది. అసలు నేను చేసింది తప్పా? ఇక్కడ ఎగరేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

* * *

తమ్ముడూ, ముందు కాస్త నీళ్ళు తాగు. పోలీసు వచ్చి మాట్లాడితే నేరం చేసినట్టు కాదు. ఏడేళ్ళుగా ఎగరేస్తున్నాను, మూడుసార్లు పోలీసులొచ్చారు, మూడుసార్లూ పది నిమిషాల్లో వెళ్ళిపోయారు, అందులో ఒకాయనైతే స్క్రీన్ చూసి తనక్కూడా కొనుక్కోవాలనుందన్నాడు.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా. సరదాకి ఎగరేసే ప్రతివాళ్ళూ ట్రస్ట్ అనే ఆన్‌లైన్ టెస్ట్ రాయాలి, ఫ్రీనే, అరగంట పని, 249 గ్రాములకీ మినహాయింపు లేదు. ఆ సర్టిఫికెట్ ఫోన్‌లో దాచుకో, పోలీసు అడిగితే చూపించాల్సిందే. సరదాకైతే 250 గ్రాముల లోపు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఎగురుతూ తన గుర్తింపు పైనుంచి ప్రసారం చేసే రిమోట్ ఐడీ కూడా అక్కర్లేదు. కానీ చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, ఎక్కువసేపు ఎగురుతుందని పెద్ద బ్యాటరీ కొని పెడతారు, బరువు 250 దాటిపోతుంది, అప్పుడు రెండూ కావాలి. వీసా మీద ఉన్నా రిజిస్టర్ చేసుకోవచ్చు, కాకపోతే మనలాంటి వాళ్ళకి అది డ్రోన్ మనదే అని గుర్తించే కాగితంలా పనిచేస్తుందని ఎఫ్ఏఏ వాళ్ళే, అంటే ఇక్కడి విమానయాన శాఖే, రాశారు. ఎత్తు 400 అడుగులు దాటకూడదు, డ్రోన్ ఎప్పుడూ నీ కంటికి కనిపిస్తూ ఉండాలి, దగ్గర్లో ఎయిర్‌పోర్ట్ ఉంటే ముందే పర్మిషన్ తీసుకోవాలి. ఇంకోటి, యాప్ మాప్‌లో ఎగరేయొద్దని ఎర్రగా చూపించేచోట డ్రోనే ఎగరనివ్వదులే అనే ధీమా వద్దు, డ్రోన్లు తయారుచేసే డీజేఐ వాళ్ళు 2025 జనవరిలో అమెరికాలో ఆ అడ్డు తీసేసి వార్నింగ్‌తో సరిపెట్టారు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు "లీగలే" అన్నావు చూడు, అక్కడ రెండు తప్పులున్నాయి. ఒకటి, అది నీకే తెలీదు. గాల్లో రూలు ఎఫ్ఏఏది, కానీ డ్రోన్ లేచేదీ దిగేదీ నేల మీద కదా, ఆ నేల సిటీదో కౌంటీదో, వాళ్ళ పార్కుల్లోంచి ఎగరేయొద్దని వాళ్ళు రూల్ పెట్టుకోవచ్చు, చాలాచోట్ల పెట్టారు కూడా. నేషనల్ పార్కుల్లోనైతే 2014 నుంచీ బంద్. వెళ్ళి పార్కు ఆఫీసులో అడుగు. రెండోది, లీగలే అయినా సరే, భయపడి వచ్చిన మనిషికి చట్టం చెప్పడమంటే కాలుతున్న చేతి మీద ఉప్పు చల్లినట్టే. ఆయన అడిగింది చట్టం గురించి కాదు, నా పిల్లల్ని చూస్తున్నావా అని. దానికి జవాబు "లీగలే" అయితే, ఆయన చెవికి "అవును, చూస్తున్నా, ఏం చేస్తావ్" అన్నట్టు వినిపిస్తుంది.

నేనేం చేస్తానో చెప్తా. ఎవరైనా నావైపు వస్తుంటే వాళ్ళు నోరు తెరవకముందే "ఒక్క నిమిషం, దించేసి మాట్లాడతా" అంటాను. సగం కోపం అక్కడే దిగిపోతుంది, ఎందుకంటే నెత్తి మీద ఆ జోరీగ చప్పుడు ఆగిపోతుంది కదా. తర్వాత స్క్రీన్ వాళ్ళ వైపు తిప్పి, తీసింది ప్లే చేసి చూపిస్తా. ఓసారి ఒక పెద్దాయన, వాళ్ళ కంచె పక్కనే మైదానం, నువ్వు మా ఇంటి కిటికీల్లోకి చూశావ్ అని ఎర్రబడిపోయి వచ్చాడు. వీడియోలో ఆయన ఇల్లెక్కడుందో ఆయన్నే వెతకమన్నా. చాలాసేపు వెతికాడు. బూడిద రంగు కప్పు ఒకటి, గోరంత. కిటికీలే కనపళ్ళేదు. కళ్ళజోడు పైకెత్తి, కిందకి దించి, "ఇంతేనా" అన్నాడు. కాస్త నిరాశపడ్డట్టు కూడా అనిపించింది నాకు!

ఆ లెక్క నువ్వూ తెలుసుకో, చెప్పడానికి పనికొస్తుంది. నీ డ్రోన్‌ది వైడ్ లెన్స్, 400 అడుగుల్లోంచి నిలువుగా కిందకి తీస్తే ఫ్రేమ్‌లో దాదాపు 580 అడుగుల వెడల్పు నేల పడుతుంది. 4కే వీడియోలో ఆ వెడల్పుకి 3,840 చుక్కలు, అంటే పిక్సెల్స్. అంటే మనిషి ముఖానికి మూడో నాలుగో చుక్కలు వస్తాయి, కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. అదే 50 అడుగులకి దిగితే పాతిక చుక్కలైపోతాయి, తెలిసినవాళ్ళు పట్టేస్తారు. పైగా ఏడు రెట్లు దగ్గరికి లాగే టెలీ లెన్స్ ఉన్న డ్రోన్లు కూడా ఉన్నాయి, కాబట్టి డ్రోన్‌తో ఏమీ కనపడదండీ అని అబద్ధం చెప్పకు. నాది ఇది, ఇంత ఎత్తులో ఉంది, ఇదిగో చూడండి అను. అంతే.

* * *

నేను ఎగరేసేదాన్ని కాదు, కిందుండేదాన్ని. అన్నయ్యగారు చెప్పినవన్నీ బావున్నాయి గానీ ఆ చుక్కల లెక్క కిందున్నవాళ్ళకి తెలీదు కదండీ.

మాది మూడో అంతస్తు. రెండేళ్ళ కింద ఓ రోజు తలస్నానం చేసి బాల్కనీలో జుట్టు ఆరబెట్టుకుంటున్నా, పాప లోపల పడుకుంది. చప్పుడొచ్చి తలెత్తితే రెయిలింగ్‌కి ఓ ముప్పై అడుగుల దూరంలో డ్రోన్ ఆగి ఉంది. వెళ్ళిపోతుంటే అంత భయపడేదాన్ని కాదేమో, కదలకుండా నిలబడింది. కెమెరా నావైపే. కళ్ళుండి రెప్పలు లేనట్టు. మనిషైతే మొహం చూసి నాలుగు తిట్టొచ్చు, దాన్ని పట్టుకుని ఎవర్నని తిట్టాలి? లోపలికెళ్ళి కర్టెన్లు వేసేసి పాప పక్కన కూర్చున్నా. వారం రోజులు ఆ కర్టెన్లు తియ్యలేదు. తర్వాత అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగితే అది కప్పు ఇన్‌స్పెక్షన్ అట, నోటీసు మెయిల్‌లో పంపారట, నేనే చూసుకోలేదు. ఎవరిదీ తప్పు కాదు. కానీ ఇప్పటికీ ఆ చప్పుడు వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

కాబట్టి బాబూ, ఆ కుక్కాయన్ని తిట్టుకోకు. నువ్వు ఎక్కడున్నావో ఆయన వెతుక్కుంటూ వచ్చాడంటేనే నువ్వు చెట్టు చాటునో ఎక్కడో ఉండి ఉంటావ్.

* * *

అక్కా, కరెక్టే, ఎండ పడి స్క్రీన్ కనపడట్లేదని చెట్టు కిందకెళ్ళా 😞

* * *

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నా. ఇక్కడ రూల్స్ ఇంకా బిగించారు, 2026 జనవరి నుంచి 100 గ్రాములున్నా చాలు, ఎగరేసేవాళ్ళు టెస్ట్ రాసి తెచ్చుకునే ఫ్లయర్ ఐడీ కావాలి, కెమెరా ఉంటే డ్రోన్ ఎవరిదో చెప్పే ఆపరేటర్ ఐడీ కూడా. అయినా జనం చూపు మాత్రం మారలేదు.

2018 డిసెంబర్‌లో గాట్విక్ ఎయిర్‌పోర్ట్ సంగతి గుర్తుందా? డ్రోన్ కనపడిందని రన్‌వే మూసేశారు, దాదాపు 1,000 ఫ్లైట్లు ఆగిపోయాయి, 1,40,000 మంది ఇరుక్కుపోయారు. దగ్గర్లో ఉండే ఒక జంటని పట్టుకెళ్ళారు, వాళ్ళ ఫోటోలు పేపర్ల మొదటి పేజీలకెక్కాయి, తర్వాత చూస్తే వాళ్ళకేం సంబంధం లేదు, కేసు లేకుండా వదిలేశారు. ఎగరేసింది ఎవరో తేలనే లేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు నేను బ్యాగ్‌లో డ్రోన్ పెట్టుకుని బస్సెక్కడానిక్కూడా జంకేవాణ్ణి.

నా చిట్కా ఒకటే. మెరిసే పసుపు జాకెట్ వేసుకో. వెనక "డ్రోన్ పైలట్" అని రాసి ఉంటుంది. మొదట్లో నాకే నవ్వొచ్చింది, రోడ్డు పనివాడిలా ఉన్నానని. కానీ అది వేసుకున్న రోజునుంచీ అరిచేవాళ్ళు పోయి అడిగేవాళ్ళు వస్తున్నారు, దేనికి తీస్తున్నారు, ఎంతసేపు ఎగురుతుంది అని. అదే మనిషి, అదే డ్రోన్!

* * *

జాకెట్ మాట నిజమే, నేనూ మైదానం మధ్యలో, నలుగురికీ కనపడేచోట నారింజ రంగు లాండింగ్ పాడ్ పరిచి నిలబడతా. ఇంకోటి, వీలైతే ఫ్రెండ్‌ని తీసుకెళ్ళు. డ్రోన్ పైనుంటే నీ కళ్ళు దాని మీదుండాలి, వచ్చినవాళ్ళతో మాట్లాడే పని ఫ్రెండ్‌ది. రిమోట్ పట్టుకుని పైకి చూస్తూ తిరిగి చూడకుండా జవాబు చెప్తే పొగరనుకుంటారు.

మనం కాస్త కొత్తమొహాలం కూడా, అది లేనట్టు నటించి లాభం లేదు. అదే పార్కులో ఎప్పుడూ నడిచే ముసలాయన ఎగరేస్తే తాతగారి సరదా, మనం ఎగరేస్తే ఎవడో. కోపం రావడం సహజం, నాకూ వచ్చింది. కానీ కోపం కంట్రోలర్ చేతిలో ఉన్నప్పుడు కాదు. నేను వారం రోజులు డ్రోన్ లేకుండానే ఆ మైదానంలో వాకింగ్ చేశా, నలుగురికి గుడ్ మార్నింగ్ చెప్పా, ఎనిమిదో రోజు డ్రోన్ తెచ్చా. ఎవరూ ఏమీ అనలేదు.

పైగా ఇక్కడ అమెరికాలో జనం ఆకాశం వైపు చూసి ఊరికే భయపడుతున్నారు. 2024 డిసెంబర్‌లో న్యూజెర్సీ మీద ఏవో డ్రోన్లు తిరుగుతున్నాయని గొడవైనప్పుడు ఎఫ్‌బీఐకి 5,000కి పైగా ఫిర్యాదులు వెళ్ళాయి, పనికొచ్చేవి ఓ వంద. మిగతావాటిలో పర్మిషన్ ఉన్న డ్రోన్లు, మామూలు విమానాలు, హెలికాప్టర్లు, చివరికి ఆకాశంలో చుక్కలు కూడా ఉన్నాయి! చుక్కల మీద కంప్లయింట్ ఇచ్చే రోజుల్లో నిజం డ్రోన్ కనపడితే ఊరుకుంటారా.

* * *

అన్నా, ఎవరైనా కాల్చేస్తే? సరదాకి అడగట్లేదు, ఇక్కడ గన్స్ ఉంటాయి కదా.

* * *

కాల్చకూడదు. డ్రోన్ కూడా ఎఫ్ఏఏ లెక్కలో విమానమే, కాల్చడం ఫెడరల్ నేరం. కానీ 2015లో కెంటకీలో ఒకాయన తన ఇంటి మీదకొచ్చిందని షాట్‌గన్‌తో కూల్చేశాడు, అక్కడి జడ్జి ఆయన మీద కేసు కొట్టేశారు. డ్రోన్ పోయినాయన మళ్ళీ ఫెడరల్ కోర్టుకెళ్ళినా అక్కడా నిలబడలేదు. ఇంటి మీద గాలి ఎంత ఎత్తుదాకా ఇంటాయనది అనే ప్రశ్నకి గీత గీసినట్టు జవాబు లేదు. 1946లో కోళ్ళ ఫారం ఆయన కేసులో సుప్రీంకోర్టు, మిలిటరీ విమానాలు నేలకి 83 అడుగుల ఎత్తులో పోతుంటే కోళ్ళు బెదిరి గోడలకి కొట్టుకుని చచ్చాయని, ఆ కాస్త ఎత్తు మీద యజమానికి హక్కుందని చెప్పింది గానీ ఎన్ని అడుగులదాకా అన్నది తేల్చలేదు. నా రూలు సింపుల్, ఎవరి పెరడు మీదా ఆగను. దాటాల్సొస్తే ఎత్తులో, కెమెరా ముందుకి పెట్టి, ఆగకుండా దాటేస్తా. అక్కగారు చెప్పారుగా, ఆగడమే భయం. కొన్ని రాష్ట్రాల్లో, ఫ్లోరిడాలాంటి చోట, ఇంట్లోవాళ్ళని నిఘా పెట్టినట్టు తీస్తే దావా కూడా వెయ్యొచ్చు.

* * *

అందరికీ థాంక్స్. ఇవాళ పార్కు ఆఫీసుకి ఫోన్ చేశాను. నవ్వకండి. ఆ పార్కులో డ్రోన్లు నిషేధమట. సాయంత్రం వెళ్ళి చూస్తే గేటు దగ్గరే బోర్డుంది, కుక్కలకి తాడు ఆరడుగులు మించకూడదని రాసిన లైన్ కిందే, చిన్న అక్షరాల్లో. నాలుగు నెలలుగా రోజూ దాని పక్కనుంచే నడుస్తున్నా. అంటే ఆ రోజు ఆయనే కరెక్టు, నేను లీగలే అన్నది శుద్ధ అబద్ధం 🙈

కౌంటీది ఇంకో మైదానం ఉందట, అక్కడ ఎగరేసుకోవచ్చన్నారు, బస్సులో నలభై నిమిషాలు. ట్రస్ట్ టెస్ట్ రాసేశాను. రూమ్మేట్‌ని తోడు రమ్మంటే బిర్యానీ తినిపిస్తే వస్తానన్నాడు. ఒక డౌటు మిగిలింది, మన అసోసియేషన్ వాళ్ళు వచ్చే నెల పిక్నిక్‌కి పైనుంచి వీడియో తీసిపెట్టమంటున్నారు, డబ్బులేం ఇవ్వరు, ఫ్రీగానే. తియ్యొచ్చా?

* * *

వద్దు. ఫ్రీ అయినా అది నీ సరదా కాదు, వాళ్ళ పని. స్కూల్ వెబ్‌సైట్ కోసం ఊరికే ఫుట్‌బాల్ మ్యాచ్ తీసిపెట్టినా సరదా కింద రాదని ఎఫ్ఏఏ వాళ్ళే ఉదాహరణ ఇచ్చారు. దానికి పార్ట్ 107 సర్టిఫికెట్, అంటే సరదాకి కాక పనికి ఎగరేసేవాళ్ళ లైసెన్స్, కావాలి, అది డబ్బులు కట్టి సెంటర్‌కెళ్ళి రాసే పరీక్ష, ఇలాంటి పనికైతే 249 గ్రాములైనా రిజిస్టర్ చెయ్యాలి, పైగా జనం నెత్తిమీద ఎగరేయడానికి వేరే షరతులు. డబ్బు తీసుకున్నావో, స్టూడెంట్ వీసాకి అది ఇంకో తలనొప్పి. నేను చెప్పానని వాళ్ళకి చెప్పెయ్, ఆ కమిటీలో నేనూ ఉన్నాలే.

* * *

సరే అన్నా 🙏 ఆదివారం గాలి లేకపోతే కౌంటీ మైదానానికి వెళ్తున్నాం. కుక్కాయన ఇవాళ గేటు దగ్గర ఎదురయ్యాడు. నేను బోర్డు చదువుతుండగానే. ఏమీ అనలేదు, తలూపి వెళ్ళిపోయాడు. నేనే వెనకెళ్ళి సారీ చెప్పాను. కుక్క మాత్రం నన్ను మర్చిపోలేదు, మొరుగుతూనే ఉంది.