ఒకే అరలో ఇద్దరు శ్రీపాదలు: ఎలా సర్దాలి?

రాజోలు నరసింహం:
మా ఊరి గ్రంథాలయంలో సాయంత్రాలు నేనే కూర్చుంటాను. జీతం లేదు, తాళంచెవి మాత్రం నా దగ్గరే. వానలకి కింది అర చెమ్మెక్కితే పుస్తకాలన్నీ ఎండబెట్టి, ఇంటిపేర్ల వరసలో మళ్లీ సర్దాను. శ్రీపాద అని కనిపించినవన్నీ ఒకే అరలో పెట్టేశాను. మర్నాడు, రోజూ పేపరుకి వచ్చే మాస్టారు "ఏరా, కథలడిగితే భారతం చేతిలో పెడతావా?" అని అందరి ముందూ కడిగేశారు.

తప్పు నాదే. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి గారు (1866–1960) రామాయణ, భారత, భాగవతాలు మూడూ ఒంటిచేత్తో తెలుగు చేసిన ఆస్థానకవి. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారు (1891–1961) పొలమూరులో పుట్టి, మన ఇళ్లల్లో ఆడవాళ్లు మాట్లాడే తెలుగులో కథలు రాసినాయన. ఇద్దరూ రాజమండ్రిలో ఉన్నవాళ్లే. అట్ట చిరిగి 'శ్రీపాద', 'శాస్త్రి' మాత్రం మిగిలితే ఎవరిదని చెప్పను? ఇలాంటి జంటలు ఇంకా ఉంటే చెప్పండి, ఈసారి ముందే జాగ్రత్త పడతాను.

పిఠాపురం అమ్మాయి:
మీ పేరులోనే ఒక జంట ఉంది కదండీ! పానుగంటి లక్ష్మీనరసింహారావు, చిలకమర్తి లక్ష్మీనరసింహం. పానుగంటి పుట్టింది 1865లో, చిలకమర్తి 1867లో. ఇద్దరూ నాటకాలు రాశారు, ఇద్దరూ నవ్వించారు. 'సాక్షి' వ్యాసాలు పానుగంటివి, ఆయన మా పిఠాపురం సంస్థానంలో ఉన్నారు. 'గయోపాఖ్యానం', 'గణపతి' చిలకమర్తివి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు పాడియావు పద్యం చెప్పిందీ చిలకమర్తే.

మావాడి స్కూలు క్విజ్‌లో 'సాక్షి'ని చిలకమర్తి ఖాతాలో వేసి, పానుగంటి అన్నందుకు వాడికి మార్కు కోసేశారు. నాకింకా మండుతూనే ఉంది.

పాలకొల్లు బుల్లోడు:
సినిమా పుస్తకాలు కూడా ఉన్నాయా అండి? అయితే రేలంగి దగ్గర ఆగండి. వెంకట్రామయ్య హాస్యనటుడు, నరసింహారావు దర్శకుడు (మళ్లీ నరసింహమే!). మా ఊరి కోడి రామకృష్ణ (1949–2019) దర్శకుడు, వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు మల్లయోధుడు. "గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాయన మనవడే సినిమాలు తీశాడు" అని మా బాబాయి ఇప్పటికీ పందెం కాస్తాడు. ఆధారం ఏదిరా అంటే ఇంటిపేరు తప్ప ఇంకోటి చూపించడు.

కాకినాడ పాత విద్యార్థి:
రఘుపతి వాళ్లు మాత్రం నిజంగానే అన్నదమ్ములు. మా పి.ఆర్. కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసినాయన వెంకటరత్నం నాయుడు, తెలుగు సినిమాకి ఆద్యుడు వెంకయ్య. జెండా వెంకయ్య గారి ఇంటిపేరు పింగళి, ఆయన్ని ఇందులో కలిపెయ్యకండి.

రాజోలు నరసింహం:
అందరికీ దండాలండి. మా వైపు అంతర్వేది స్వామి పేరు లేని ఇల్లు అరుదు. మా ఇంట్లోనే ముగ్గురం. ఉత్తరం వస్తే పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి "తాతగారికా, పెద్దాయనకా, బుల్లి నరసింహానికా?" అని అడుగుతాడు. నేను బుల్లి. ఏభై దాటినా బుల్లే.

దాంట్లోంచే ఉపాయం తట్టింది. ఊళ్లో పిలిచినట్టే చీటీలు అంటించాను: 'భారతం శ్రీపాద', 'కథల శ్రీపాద', 'సాక్షి నరసింహం', 'గణపతి నరసింహం'. గ్రంథాలయ శాస్త్రం ఒప్పుకోదు గానీ పిల్లలకి ఇట్టే దొరుకుతున్నాయి. మాస్టారు చీటీలన్నీ చదివి, ఏమీ అనకుండా పేపరు తీసుకున్నారు. హమ్మయ్య అనుకున్నాను.

ఇవాళ అట్టడుగు కట్ట విప్పితే ద్విజేంద్రలాల్ రాయ్ నాటకం ఒకటి బయటపడింది. తెలుగు చేసింది శ్రీపాద కామేశ్వరరావు. చీటీలు అయిపోయాయండి.