పైలట్లు మానేశారు కదా, ఆఫీసుకు కాగితం ఎందుకు?

సందేహి:
వచ్చే నెల నుంచి మా ఆఫీసులో ప్రింటర్లు ఉండవట. కాంట్రాక్టులు, అనుమతులు, హాజరు అన్నీ తెర మీదే. ఎవరైనా గొణిగితే "విమానాలు నడిపేవాళ్లే కాగితం మానేశారు, మీకేమిటి కష్టం?" అంటున్నారు. ఈ పోలిక నిలుస్తుందా?

రెక్కలచప్పుడు:
ఎందుకు నిలవదు? నేను కాగితాల సంచి మోసిన తరంవాడిని. చార్టులు (విమాన మార్గాల, విమానాశ్రయాల పటాలు), మాన్యువళ్లు కలిపి దాదాపు 16 కిలోలు. చార్టులకు 28 రోజులకోసారి సవరణలు వచ్చేవి. రింగులు విప్పడం, పాత పేజీ లాగడం, కొత్తది దూర్చడం, మళ్లీ లెక్క సరిచూడటం. నిద్రమత్తులో ఒక పేజీ తారుమారైతే, రద్దయిన చార్టు చూసుకుంటూ కిందికి దిగుతున్నట్టే. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆ సంచులు తీసేసి టాబ్లెట్లు ఇచ్చింది. పేజీలు మార్చే పని పోయిందని బాధపడిన పైలట్ నాకు ఇంతవరకు తగల్లేదు.

దస్త్రాలభైరవుడు:
సగమే చెప్పారు. 2015 ఏప్రిల్‌లో అదే సంస్థ విమానాలు డజన్ల కొద్దీ నేల మీదే ఆగాయి. వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయం చార్టు డేటాబేసులో రెండుసార్లు చేరడంతో యాప్ మొరాయించింది. సంచిలో పేజీ తప్పితే ఒక్క పైలట్‌కే తిప్పలు. యాప్‌లో తప్పితే అందరికీ ఒకేసారి.

రెక్కలచప్పుడు:
ఆలస్యమైంది, ఒప్పుకుంటాను. కానీ ఎవరికీ గోరంత గాయం కాలేదు కదా, భైరవుడు గారూ. కాక్‌పిట్‌లో ఇద్దరి దగ్గరా టాబ్లెట్లు ఉంటాయి. అత్యవసర చెక్‌లిస్టులు చాలా విమానాల్లో ఇప్పటికీ అచ్చు ప్రతిగా చేతికందే చోటే ఉంటాయి.

లెక్కలపురుగు:
యాప్ ఆగిపోతే నాకు భయం లేదు. చక్కగా పనిచేస్తున్నప్పుడే భయం. 2004 అక్టోబరులో కెనడాలోని హాలిఫాక్స్ నుంచి ఎంకే ఎయిర్‌లైన్స్ సరుకుల 747 బయలుదేరింది. దాని అసలు బరువు 350 టన్నుల పైమాటే. టేకాఫ్ వేగాలు లెక్కగట్టే ల్యాప్‌టాప్‌లో మాత్రం అంతకు ముందరి మజిలీ నాటి 240 టన్నులే ఉండిపోయి ఉండవచ్చన్నది దర్యాప్తు అధికారుల అంచనా. చాలని శక్తితో పరుగెత్తిన విమానం కూలి, అందులోని ఏడుగురూ చనిపోయారు. కాగితం ఫారంలో నింపని గడి తెల్లగా కనబడి నిలదీస్తుంది. తెర అలా కాదు, నిన్నటి అంకెను ఇవాళ్టి అంకెలా చూపించి ఊరుకుంటుంది.

రెక్కలచప్పుడు:
2009లో మెల్‌బోర్న్‌లో 362.9 టన్నులకు బదులు 262.9 కొట్టారు, ఎమిరేట్స్ విమానం తోక రన్‌వేకు రాసుకుంది. వేలు తప్పు చేస్తే పెన్ను మాత్రం చేయదా? ఇద్దరూ విడివిడిగా లెక్క చూడాలి. కాగితమైనా అంతే, తెరైనా అంతే.

దస్త్రాలభైరవుడు:
అచ్చు ప్రతి ఉంచుకున్నామని మీరే అన్నారు. సందేహి గారి ఆఫీసులో తీసేస్తున్నది సరిగ్గా దాన్నే. 2019 మార్చిలో నార్వే అల్యూమినియం సంస్థ నార్స్క్ హైడ్రో కంప్యూటర్లను హ్యాకర్లు తాళం వేసినట్టు బిగించేశారు. కంప్యూటర్లను నెట్‌వర్కుకు కలపవద్దని సిబ్బందికి చెప్పడానికి వాళ్లకు దొరికిన దారి ఏమిటో తెలుసా? తలుపు మీద అంటించిన కాగితం.

లెక్కలపురుగు:
సందేహి గారూ, ఏవి అచ్చులో ఉండాలో ముందు తేల్చుకోండి. హాజరు పట్టికకు కాగితం అనవసరం. నెట్‌వర్కు పడిపోయిన రోజున ఎవరికి ఫోను చేయాలి, పని ఎలా నడపాలి అన్న నాలుగు పేజీలు మాత్రం ఆ నెట్‌వర్కులోనే దాచుకుంటే ఏం లాభం?

రెక్కలచప్పుడు:
దీనికి నా అభ్యంతరం లేదు. కానీ ఆ నాలుగు పేజీలూ పాతబడతాయి. మార్చేది ఎవరు?

సందేహి:
ఒక ప్రింటర్ ఉంచడానికి ఒప్పుకున్నారు. ఆ కట్ట అట్ట మీద "నెలకోసారి పేజీలు సరిచూడవలసినవారు" అని ఒక గడి పెట్టారు. అడిగింది నేనే కాబట్టి అందులో నా పేరే రాశారు.