సమస్యాపూరణం: మూత పడిన కొట్టు మోగుచుండె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం.

"మూత పడిన కొట్టు మోగుచుండె"

విషయం బేస్ గిటార్ల (మంద్రస్వరాలు పలికే గిటార్లు, పొట్టిగా బేస్‌లు) కొట్టు. గిటార్లు అమ్మే చోట్లు చాలానే ఉంటాయి, వాటిలో బేస్‌కి దక్కేది ఒక మూల. అచ్చంగా బేస్‌లే అమ్ముతూ, వాటినే బాగుచేస్తూ బతికే కొట్టు దొరకడం అదృష్టం. అది మూతపడితే ఆ లోటు వాయించేవాళ్ళకే తెలుస్తుంది. నేనెరిగిన కొట్టులో గోడ పొడుగునా కొక్కేలకు బేస్‌లు వేలాడేవి. గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ నమూనావి ఒక వరస, 1960లో వచ్చిన జాజ్ బేస్ నమూనావి ఇంకో వరస. చిన్న చేతులవాళ్ళు వస్తే కొట్టాయన 34 అంగుళాల స్కేలుది (స్కేలంటే మోగే తీగ పొడవు) పక్కన పెట్టి, 30 అంగుళాలది తీసి ఒళ్ళో పెట్టేవారు. ఏం కొంటావని ఆయన నన్ను ఏనాడూ అడగలేదు. ముందు వాయించమనేవారు.

ఇలాంటి జ్ఞాపకాలే పద్యాల్లోకి రావాలని నా కోరిక. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. వాడుక మాటలకు అభ్యంతరం లేదు.

శ్రుతిపేటిక:
కొనని వానికైనఁ గోరి బేసిచ్చిన
పెద్ద మనసు వారి పేరు తలచి
నేర్చినట్టి గతులు నే మీటుచుండగా
మూత పడిన కొట్టు మోగుచుండె

నిర్వాహకుడు:
బాగుందండీ. కొట్టు మోగేది మీ చేతిలోనే అని చెప్పకుండానే తెలిసింది. మొదటి పాదంలో "కొనని, గోరి" యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) హాయిగా పడింది. ఒక్క చోటే నాకు నచ్చలేదు, "నేర్చినట్టి"లో "అట్టి" గణం నింపడానికి వచ్చింది. "నేర్చుకొన్న గతులు" అంటే గణాలు అవే, మాట నిండుగా ఉంటుంది.

శ్రుతిపేటిక:
ధన్యవాదాలండీ, అలాగే మార్చుకుంటాను.

మంద్రం:
తీగ పాతదైనఁ దీయగా వలదన్న
మాట నేటి దాక మరువ లేదు
చెక్కలోన వారి చేతి చలువ చేరి
మూత పడిన కొట్టు మోగుచుండె

మా కొట్టాయన బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్‌కి భక్తుడు. మోటౌన్ రికార్డుల సంస్థ పాటల్లో ఆ బేస్ అంత వెచ్చగా వినిపించడానికి ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే) తీగలు, వాటిని జేమర్సన్ ఎంతకీ మార్చకపోవడం కూడా కారణమని చెప్పేవారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే జేమర్సన్ అంతా మీటేవాడని చెప్పి, నాచేత కూడా అలా సాధన చేయించారు. నేను సాధన చేసిన బేస్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

నాలుగుతీగలు:
పద్యం నచ్చింది గానీ ఆ సలహా అందరికీ పనికిరాదు కదండీ? బొటనవేలితో కొట్టి స్లాప్ వాయించేవాళ్ళకి కొత్త రౌండ్‌వౌండ్ (పైచుట్టు గరుకుగా ఉండే) తీగల మెరుపు కావాలి. పాత తీగ మొద్దుబారిపోతుంది, పైఫ్రెట్ల (మెడమీది మెట్ల) దగ్గర శ్రుతి కూడా తప్పుతుంది.

నిర్వాహకుడు:
నాలుగుతీగలు గారి మాట నిజమే. అయినా పద్యం పాఠం చెప్పడం లేదు, ఒక మనిషి ఒక శిష్యుడికి చెప్పిన మాటను తలుచుకుంటోంది. అందుకే అలాగే ఉండనిద్దాం. "చేతి చలువ" ఇక్కడ ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) తిప్పి మెడ వంపు సరిచేసి, బ్రిడ్జి దగ్గర తీగల ఎత్తు దించి ఇస్తే, అదే బేస్ వేరే వాద్యమైపోతుంది. ఆ పని బయటికి కనపడదు, వాయించేవాడి వేళ్ళకే తెలుస్తుంది. చెక్కలో చేరిందనడం అక్షరాలా సరిపోయింది.

రేయిగానం:
మంద్ర నాద మెల్ల మదిలోన నిండగా
పగలు గడిచి రాత్రి పక్కఁ జేర
చిన్న నాటి తలపు చేయి పట్టగఁ గనుల్
మూత పడిన కొట్టు మోగుచుండె

నిర్వాహకుడు:
ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఊహ పరంగా నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మూతపడినవి కళ్ళు, మోగేది కొట్టు. సమస్యను విరిచిన తీరు ముచ్చటగా ఉంది. చిక్కల్లా వ్యాకరణంతోనే. మీ అర్థానికి "పడినన్" కావాలి, అంటే పడితే, పడగానే అని. అది ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) గనక తర్వాతి కకారం గకారమై "పడినఁ గొట్టు" అవుతుంది. అప్పుడు ఇచ్చిన పాదం మారిపోయినట్టే. ఈ ఊహను వదులుకోవడం నాకిష్టం లేదు, మూడో పాదం ఇలా చూడండి:

కన్ను మూసినంతఁ గనిపించి యెదుటనే
మూత పడిన కొట్టు మోగుచుండె

కళ్ళు మూడో పాదంలోనే మూసుకున్నాయి కాబట్టి "మూత పడిన" కొట్టుకే విశేషణంగా నిలుస్తుంది.

రేయిగానం:
చాలా సంతోషమండీ. "చిన్ననాటి తలపు" పోతోందే అని మొదట బెంగపడ్డాను. చదువుకున్నాక అది లేకుండానే పద్యం బిగువుగా అనిపించింది. ఆంప్‌కి (ధ్వని పెంచే పెట్టెకి) కలపకుండా బేస్ పైకొమ్మును దవడకి ఆనించుకుని శ్రుతి చూసుకోవడం నేర్పింది ఆ కొట్టులోనే. ఎముక గుండా వచ్చే ఆ నాదమే మొదటి పాదంలోని మంద్రనాదం.

తొలిమెట్టు:
ఇది నా మొదటి పద్యమండీ. తప్పులుంటే చెప్పండి.

నాలుగు తీగలున్న నల్ల బేసును మీటి
పాత పాట నేను పలుకఁ జేయ
కొక్కెమొకటి లేని గదియె పలికినట్లు
మూత పడిన కొట్టు మోగుచుండె

నిర్వాహకుడు:
మొదటి పద్యానికి ఇంత మంచి మూడో పాదం రావడం సామాన్యం కాదు. అన్నీ అమ్ముడైపోయి, కొక్కేలు కూడా ఊడదీసిన గది కళ్ళకు కట్టింది. ఇక సవరణలు. ఆటవెలది పాదం సూర్యగణంతో (గురువు, లఘువు గానీ మూడు లఘువులు గానీ) మొదలవ్వాలి. "నాలుగు" భగణం (గురువు, రెండు లఘువులు), అంటే ఇంద్రగణం. "నాల్గు" అంటే సరిపోతుంది. మూడో పాదంలో "కొ, గ" హల్లులకు మైత్రి ఉంది, అచ్చులకు లేదు. ఒకారానికి ఉ ఊ ఓలు కలుస్తాయి, అకారం కలవదు. "కొక్కెమొకటి లేని గోడయే పలికెను" అనండి. యతి పడుతుంది, బేస్‌లు వేలాడింది కూడా గోడకే కదా.

తొలిమెట్టు:
అర్థమైందండీ. గోడ అనే మాట నాకు తట్టనే లేదు!

గోడవారగా:
అమ్మకాలు మాని యానందమున మీటు
పెద్దవారి వేళ్ళ బిగువు వలన
గోడ దాటి వచ్చు గుండ్రని మోతతో
మూత పడిన కొట్టు మోగుచుండె

నాలుగుతీగలు:
వ్యాపారం ఆపేసినా ఆయన లోపల వాయించుకుంటున్నారన్నమాట! అన్ని తలుపులూ వేసి ఉంటే బయటికి వినపడుతుందా?

గోడవారగా:
వినపడుతుందండీ, నేను విన్నాను. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే "ఈ" (E) స్వరం తీగను ఊరికే మీటితే సెకనుకు సుమారు 41 కంపనాలు. గాలిలో ఆ అల పొడవు 8 మీటర్లు దాటుతుంది. గోడలు, తలుపులు పైస్థాయి స్వరాలను ఆపినంతగా ఇంత మంద్రమైన వాటిని ఆపలేవు. పక్కింట్లో పాట పెడితే మనకు మాటలు వినపడవు, బేస్ మాత్రం వినపడుతుంది. అయిదు తీగల బేస్‌లో కింది "బీ" (B) స్వరం తీగ 31 దగ్గరుంటుంది, అది చెవికన్నా ముందు అరికాళ్ళకే తెలుస్తుంది.

నిర్వాహకుడు:
సమస్యలో ఉన్న వింతను అబద్ధమాడకుండా విప్పిన పూరణ. "అమ్మకాలు" అకారానికి "యానందము"లోని ఆకారంతో యతి సరే. "వలన" మాత్రం వచనంలా ఉంది. "బిగువు నిండి" అంటే మూడో పాదంలోని మోతకు అన్వయం నేరుగా కుదురుతుంది.

గోడవారగా:
అలాగే మార్చానండీ. ఆయనకు ఈ పద్యం చదివి వినిపించాలనుంది. "వారి" అన్న చోట పేరు పెట్టమంటారేమో, సూర్యగణంలో ఇముడుతుందో లేదో చూడాలి.