ఇంటి పూజకు చేతితో చెక్కిన కొయ్య విగ్రహం: ఏ కర్ర మంచిది, అభిషేకం చేయవచ్చా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

అందరికీ నమస్కారం. రాబోయే శ్రావణంలో మా గృహప్రవేశం. పూజగదికి మందిరం సిద్ధమైంది, అందులో ఉంచే మూర్తి గురించే సందేహమంతా. మంగళగిరి స్వామి మా ఇలవేల్పు కనుక, ఒకే దుంగలో చేతితో చెక్కిన లక్ష్మీనరసింహస్వామి విగ్రహం, అడుగున్నర ఎత్తున, పెట్టుకోవాలని మా నాన్నగారి కోరిక. విజయవాడలోనూ ఇక్కడా కొన్ని దుకాణాలు చూశాము. ఒకరు టేకు అంటారు, ఒకరు ఎర్రచందనం అంటారు, ఇంకొకరు అసలు కర్ర పేరే చెప్పరు. ఒకే ఎత్తు విగ్రహానికి ధరల్లో పొంతన లేదు. పైగా మా అమ్మగారికి ప్రతి శనివారం పాలతో అభిషేకం చేసే అలవాటు ఉంది. కర్ర విగ్రహానికి అది పనికిరాదని, ఏడాది తిరిగేసరికి నెర్రెలిస్తుందని బంధువులు భయపెడుతున్నారు. దగ్గరలోనే ఉన్న కొండపల్లిలో చేయించుకోవడం మేలా, లేక ఇంకెక్కడికైనా వెళ్లాలా? అమెరికాలో ఉన్న మా తమ్ముడు కూడా అలాంటిదే ఒకటి కావాలంటున్నాడు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (సత్యనారాయణపురం, విజయవాడ)

అభిషేకం సంగతి ముందు తేల్చుకుంటే మిగిలినవి వాటంతటవే తేలుతాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొయ్య విగ్రహం పూజకు తక్కువదేమీ కాదు. భాగవతం ఏకాదశ స్కంధంలో భగవంతుని ప్రతిమలను ఎనిమిది విధాలుగా చెప్పినప్పుడు శిలామూర్తి తరువాత వెంటనే వచ్చేది దారుమూర్తే. అయితే ఆ అధ్యాయంలోనే స్నానం విషయంలో ఒక తేడా ఉంది. నీటికి చెడిపోయే మట్టి, వర్ణ ప్రతిమలకు స్నపనం వద్దని, తుడవడమే చాలునని చెప్పారు. రంగు వేసిన కొయ్య విగ్రహానికీ ఇదే వర్తిస్తుందని పెద్దలు చెబుతారు. పూరీలో జగన్నాథుడు వేప మానుతో చేసిన మూర్తి. అక్కడ నిత్య స్నానం అద్దంలో కనిపించే ప్రతిబింబానికి జరుగుతుంది. జ్యేష్ఠ పూర్ణిమనాడు మాత్రం 108 కుండల నీటితో స్వామికే స్నానం చేయిస్తారు. ఆ తరువాత దాదాపు పక్షం రోజులు దర్శనమే ఉండదు, ఆ వ్యవధిలో మళ్లీ రంగులు దిద్దుతారు. అంత పెద్ద క్షేత్రంలోనే కొయ్యమూర్తిని నీటితో తడిపితే ఎంత యంత్రాంగం కావలసి వచ్చిందో చూడండి.

మన దగ్గరి ఉదాహరణే కావాలంటే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి ఉన్నారు. అమ్మవారి విగ్రహాలను రెండేళ్లకొకసారి జగ్గయ్యపేటకు తీసుకువెళ్లి రంగులు వేయించి తిరిగి తెచ్చే రంగుల ఉత్సవం మీకు తెలిసే ఉంటుంది. కొయ్యకు కాలానుగుణంగా మరమ్మతు అవసరమన్న మాటను మన ఊళ్లు ఏనాడో ఉత్సవంగా మార్చుకున్నాయి.

కాబట్టి అమ్మగారి శనివారం సేవ మానవలసిన పని లేదు. కొయ్యమూర్తి ముందు పళ్లెంలో చిన్న పంచలోహ విగ్రహాన్నో సాలగ్రామాన్నో ఉంచి అభిషేకం దానికి చేసి, పెద్ద మూర్తికి పువ్వులు, ధూపం, దీపం, నైవేద్యం సమర్పించండి. దేవాలయాల్లో మూలమూర్తి వర్ణకళామయం, అంటే రంగులు దిద్దినది, అయినప్పుడు స్నపనానికి వేరే మూర్తి ఉండే పద్ధతే ఇది.

ఎత్తు గురించి కూడా ఒక మాట. ఇంట్లో పూజించే ప్రతిమ బొటనవేలి కణుపు మొదలుకొని జానెడు వరకు ఉండవచ్చునని, అంతకు మించితే ప్రశస్తం కాదని మత్స్యపురాణం. మీరు అనుకుంటున్న అడుగున్నర దానికి రెట్టింపు. ప్రాణప్రతిష్ఠ చేసి నిత్య నైవేద్యంతో కొలిచే మూర్తికే ఆ నియమమని, అలంకారంగా ఉంచుకునేదానికి పట్టింపు అక్కరలేదని మా ఇంట్లో పెద్దలు అంటారు. మీ పురోహితులను అడిగి నిర్ణయించుకోండి. నన్నడిగితే జానెడు మూర్తే చాలంటాను. ఊరు వెళ్లినప్పుడు ఇల్లు తాళం వేసుకునే కుటుంబాలకు అదే సుఖం.

జవాబు 2 (కలప పని, విజయవాడ)

పై జవాబు చదివితే ఒక సందేహం వస్తుంది, అది ఎవరో ఒకరు అడుగుతారు కనుక నేనే చెబుతాను. కంచి అత్తివరదరాజస్వామి మేడి మానుతో చేసిన మూర్తి కదా, నలభై ఏళ్లు కోనేటి నీటిలో ఉండి 2019లో బయటికి వచ్చి 48 రోజులు దర్శనమిచ్చాడు కదా, మరి నీళ్లు కర్రను పాడుచేస్తాయంటారేమిటని. ఎప్పుడూ నీటి అడుగునే ఉన్న కర్రకు గాలి తగలదు కాబట్టి కుళ్లు అంత తేలికగా పట్టదు. చేటు చేసేది తడిసి ఆరి, మళ్లీ తడిసి ఆరే వరస. ప్రతి శనివారం పాలు పోయడమంటే అదే. పాలలోని జిడ్డు, తీపి చెక్కిన గాడుల్లో ఉండిపోయి బూజును, చీమలను పిలుస్తాయన్నది వేరే సంగతి.

ఇక నెర్రెల గురించి. కర్ర తనలోని తేమను వదులుతూ ముడుచుకుంటుంది. నిలువున దాదాపు ముడవదు, చుట్టుకొలత వైపు ఎక్కువగా ముడుస్తుంది. అందువల్ల చెట్టు నడిమి బెండు విగ్రహం లోపల ఉండిపోతే అక్కడి నుంచి బయటికి ఒక బీట పడడం దాదాపు ఖాయం. మంచి శిల్పి దుంగను బెండు దగ్గర చీల్చి, ఒక పక్క చేవలోంచే మూర్తిని తీస్తాడు. మీరు దుకాణానికి వెళ్లినప్పుడు ముఖం చూసి మురిసిపోకుండా ముందు విగ్రహాన్ని తిరగేసి పీఠం అడుగు చూడండి. అక్కడ వలయాలు వంపు గీతలుగా కనిపించాలి. గుండ్రటి వలయాల కేంద్రం అడుగు మధ్యలోనే ఉంటే అది బెండుతో సహా చెక్కినది. అసలు వలయాలే లేక అడుగంతా నున్నగా, లేదా మందపాటి రంగుతో మూసి ఉంటే అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. రంపపు పొట్టును జిగురుతో కలిపి అచ్చు పోసి కర్ర రంగు పూసినవి కూడా అమ్ముతున్నారు. వాటికి చెవుల వెనుక నుంచి భుజాల మీదుగా సన్నటి అతుకు గీత ఉంటుంది, పక్కన ఉన్న నారగీతలు అడుగులో వలయాలుగా కొనసాగవు.

యంత్రంతో చెక్కినదీ కర్రే, అందులో మోసమేమీ లేదు, కానీ చేతిపని ధర ఇవ్వకండి. యంత్రపు ములికి పైనుంచి దిగుతుంది కనుక మెడకూ హారానికీ మధ్య, చేతికీ నడుముకూ మధ్య గాలి కనిపించేంత లోతు తేలికగా రాదు. అక్కడ ఉలి వెళ్లిన జాడ ఉందో లేదో దీపం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఒకే అరలో ఉన్న నాలుగు విగ్రహాల కనుబొమ్మలు అచ్చంగా ఒకేలా ఉన్నా అనుమానించవలసిందే.

కర్ర విషయానికి వస్తే, ఇంటి మూర్తికి బాగా ఆరిన టేకు నిక్షేపంగా సరిపోతుంది. సహజమైన నూనె ఉన్న కర్ర, చెదలు త్వరగా పట్టదు. గుమ్మడి టేకు మెత్తగా చెక్కుబడుతుంది, ఆరాక అంతగా కదలదు, ధర కూడా తక్కువ. వేప పవిత్రమే, కానీ పూర్తిగా ఆరకుండా చెక్కితే మెలితిరుగుతుంది. ఎర్రచందనం మన రాష్ట్రపు దక్షిణ కొండల్లోని చెట్టు. పేరులో చందనం ఉన్నా చెప్పుకోదగ్గ వాసన ఉండదు, ఆరిన చేవ కూడా నీటిలో మునిగేంత బరువు. చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉందంటే అది ఎర్రరంగు పూసిన మరో కర్ర. అటవీ శాఖ అనుమతితో వచ్చిన కర్రతో చేసినదని రాసిన బిల్లు లేకుండా మాత్రం దాని జోలికి పోకండి. లేపాక్షి వంటి ప్రభుత్వ దుకాణంలో కొంటే ఆ బెడద ఉండదు. మీ తమ్ముడు గారికి ఎర్రచందనం ఆలోచనే వద్దు. 1995 నుంచి అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది, మన దేశపు ఎగుమతి ఆంక్షలూ ఉన్నాయి, విమానాశ్రయంలో దేవుడి విగ్రహమని వదిలిపెట్టరు.

కొండపల్లి బొమ్మల ఊరు, విగ్రహాల ఊరు కాదు. ఒకే దుంగలో నరసింహస్వామి కావాలంటే తిరుపతి జిల్లాలో ఏర్పేడు దగ్గర మాధవమాలకు వెళ్లండి. అక్కడ చాలా కుటుంబాలది ఇదే వృత్తి. తమిళనాడులో అరుంబావూరు, తమ్మంపట్టి, కళ్లకురిచ్చి కూడా కొయ్య శిల్పానికి భౌగోళిక గుర్తింపు పొందిన ఊళ్లే.

జవాబు 3 (కొండపల్లి)

బొమ్మల ఊరన్న మాటలో తప్పులేదు కానీ, దాన్ని తేలిక చేసినట్టు అనిపించి రాస్తున్నాను. మా దగ్గర దశావతారాల వరుస తరతరాలుగా చేస్తున్నారు, అందులో నరసింహావతారం ఉండనే ఉంటుంది. ఏ ఇంట్లోనైనా కొలువులో పెట్టి దండం పెట్టుకునేది వాటికే. పద్ధతి వేరన్నది నిజం. మేము వాడే తెల్లపొణికి చాలా తేలికైన, మెత్తని కర్ర. సన్నని సెగ మీద తేమ పోయేలా ఆరబెట్టి, మొండెం, చేతులు, ఆయుధాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాము. ఆ మక్కుతోనే ముక్కు, కిరీటపు అంచు వంటివి దిద్దడం కూడా జరుగుతుంది. తరువాత సున్నపు పూత, ఆపైన రంగులు. అతుకులు ఉన్నాయి కనుక చేతివేళ్లు విరిగినా మళ్లీ అతకవచ్చు. ఒకే దుంగలో చెక్కినదానికి నార నిలువుగా పోతుంది, అడ్డంగా చాపిన వేలు అక్కడే పుటుక్కున విరుగుతుంది. చక్రం పట్టిన చేతిని చూసి కొనమని నా సలహా.

అయితే ఇది నేనే చెప్పాలి: తెల్లపొణికి విగ్రహానికి నీళ్లు అసలు తగలకూడదు. తడిస్తే మక్కు ఉబ్బుతుంది, రంగు పొరలుగా లేస్తుంది. తడిగుడ్డతో తుడవడం కూడా వద్దు. అడుగున్నర మూర్తి ఇక్కడ చేయించవచ్చు కానీ రంగులతోనే ఉంటుంది, కర్ర రంగు కనిపించే పాలిష్ మూర్తి కావాలనుకునేవారికి మా పని నచ్చదు. కావలసినవారు దసరా, సంక్రాంతి కొలువుల ముందు కాకుండా వేసవిలో వచ్చి చెబితే తీరికగా కూర్చుని ముఖం దిద్దుతారు. తెల్లపొణికి దొరకడం కూడా మునుపటంత తేలిక కాదు, అందువల్ల బేరమాడేముందు ఆ సంగతి గుర్తుంచుకోమని మనవి.

ప్రశ్నించినవారు (బ్రాడీపేట, గుంటూరు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాన్నగారితో మాట్లాడాను. నిత్యపూజకు జానెడు లోపు టేకు మూర్తి మాధవమాలలో చేయించి, అభిషేకానికి ఇంట్లో ఉన్న సాలగ్రామం ఉంచాలని అనుకున్నాము. దశావతారాల వరుస ఒకటి కొండపల్లిలో తీసుకుని తమ్ముడికి పంపుతాము. ఇక మిగిలింది ఒకటే. మా అమ్మగారు కొయ్యకు కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందంటున్నారు. బొట్టు కూడా నేరుగా పెడతారు. దీపం ఎంత దూరంలో ఉండాలి?

జవాబు 2 (కలప పని, విజయవాడ)

కొబ్బరినూనె వద్దండి. అది ఆరిపోయే నూనె కాదు, జిగటగా నిలిచి దుమ్మును పట్టి నలుపెక్కుతుంది, కొంతకాలానికి ముక్కవాసన వేస్తుంది. శిల్పి దగ్గరే లక్క పాలిష్ పలచగా పట్టించమనండి, ఏటా ఒకసారి మెత్తని పొడిగుడ్డతో రుద్దితే చాలు. కుంకుమ రంగు కొయ్యలోకి దిగితే ఇక పోదు, కాబట్టి నుదుట చిన్న వెండి బొట్టు అతికించి దాని మీద పెట్టమనండి. దీపం మూర్తికి ఎదురుగా, మూరెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచండి. మందిరం పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే మసి ముందు అక్కడ పట్టి, తరువాత కిరీటం మీద కనిపిస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోటా, మన మే నెల ఎండ కిటికీలోంచి పడే చోటా పెట్టకండి.

పీఠం కింద ఎప్పుడైనా సన్నటి పిండి రాలినట్టు కనిపిస్తే పురుగు పట్టిందని అర్థం. తుడిచేసి ఊరుకోకుండా, మర్నాడు మళ్లీ రాలిందేమో చూడండి. రాలితే ఆ రంధ్రాల్లోకి సూదితో మందు ఎక్కించి మైనంతో మూయాలి. వడ్రంగి చేసే పనే. ఎండలో పెడితే పురుగు పోతుందని ఎవరైనా చెబితే వినకండి, పురుగు సంగతేమో గాని నెర్రె మాత్రం వస్తుంది.

జవాబు 1 (సత్యనారాయణపురం, విజయవాడ)

చేయించేముందు శిల్పికి ఇంకొకటి స్పష్టంగా చెప్పండి. లక్ష్మీనరసింహమూర్తిలో అమ్మవారు స్వామి ఎడమ తొడ మీద కూర్చుని ఉంటారు. జానెడు మూర్తిలో అమ్మవారి ముఖం గోరంత అవుతుంది. ఆ ముఖం తీయగల చెయ్యేనా కాదా అని, ఆయన అంతకుముందు చేసిన చిన్న మూర్తి ఒకటి అడిగి చూసి, ఆ తరువాతే బయానా ఇవ్వండి. నేత్రాలు తెరిపించే పని, అంటే కళ్లు దిద్దడం, చివరికి ఉంచి, మీరు తిథి చూసుకుని చెప్పాకే చేస్తానని ఆయన దగ్గర ముందే మాట తీసుకోండి.