అప్‌డేట్: తోకచుక్క దొరికిందండీ

అప్పట్లో అడిగా కదా, టెలిస్కోప్ లేకుండా సుచిన్‌షాన్-అట్లాస్ అనే తోకచుక్క కనిపిస్తుందా, ఎటు చూడాలి అని. కనిపించింది! 2024 దసరా నాడే, అంటే అక్టోబర్ 12న భూమికి బాగా దగ్గరికొచ్చింది, దగ్గరంటే సుమారు 7 కోట్ల కిలోమీటర్లు లెండి, కానీ మాకు అప్పట్నుంచీ మబ్బే. ఆ తర్వాత ఓ రోజు కాస్త తెరిపిచ్చాక, పొద్దుగూకిన ముప్పావుగంటకి డాబా ఎక్కి మీరు చెప్పినట్టే పడమర శుక్రుణ్ణి, స్వాతి నక్షత్రాన్ని పట్టుకుని ఆ రెంటి మధ్య ఇంకాస్త పైన బైనాక్యులర్‌తో వెతికితే బూడిదరంగు మచ్చ, పైకి లేచిన తోక (సూర్యుడికి అవతలివైపే కదా ఉండేది). ఉత్త కంటికి మసక గీతే. ఫోన్ పిట్టగోడకి ఆనించి నైట్ మోడ్ పెడితే తోక ఇంకా పొడుగొచ్చింది. మా అమ్మ మాత్రం "దీనికా ఇంత హడావుడి" అని కిందకెళ్లిపోయింది. ఆ తర్వాత రోజురోజుకీ పైకెళ్లింది గానీ డల్ అయిపోయింది.