ఖుక్రీ నౌకలో పోయిన మా చిన్నతాతయ్యకు ఏ తిథి పాటించాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మా అమ్మమ్మ తమ్ముడు నౌకాదళంలో చేరి, ఇరవై రెండేళ్ల వయసులో 1971 యుద్ధంలో మరణించారు. విశాఖ దగ్గర గాజీ మునిగినప్పుడే ఆయనా పోయారని ఇంట్లో అందరూ చెప్పుకుంటూ వచ్చారు. ఈమధ్య పాత ట్రంకు పెట్టె తెరిస్తే తెల్ల యూనిఫాంలో ఆయన ఫొటో, రెండు పోస్టుకార్డులు, ఒక టెలిగ్రాం దొరికాయి. టెలిగ్రాంలో ఖుక్రీ అనే నౌక పేరు, ఆయన గల్లంతయ్యారన్న మాట తప్ప మరేమీ లేవు. శవం రాలేదు గనుక వాళ్లమ్మగారు బతికి ఉన్నంతకాలం కర్మ చేయనివ్వలేదట. ఆమె పోయాక ఆయన అన్నగారు, అంటే మా పెద్దతాతయ్య, ఏటా మహాలయ అమావాస్యనాడు తర్పణం వదులుతున్నారు. అసలేం జరిగిందో, ఏ తిథి పాటించాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత నావికుడు, విజయవాడ):
గాజీ పాకిస్తాన్ జలాంతర్గామి. అది డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ తీరాన మునిగింది, అందులో పోయినవారంతా వారి సిబ్బందే. ఖుక్రీ మునిగింది దేశానికి అటువైపు, అరేబియా సముద్రంలో, డయ్యూ తీరానికి దూరంగా. శత్రు జలాంతర్గామిని వెతకడానికి కిర్పాన్ అనే మరో నౌకతో కలిసి వెళ్లిన ఖుక్రీని, 1971 డిసెంబరు 9 రాత్రి తొమ్మిది కావస్తుండగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో కొట్టింది. నౌక నిమిషాల్లో మునిగిపోవడంతో కింది డెక్కుల్లో ఉన్నవారికి మెట్లెక్కి పైకి వచ్చే వ్యవధి కూడా చిక్కలేదు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. నౌకను విడిచి వెళ్లని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. నీటి అడుగున ఉన్న జలాంతర్గామిని ధ్వనితో పసిగట్టే పరికరం సోనార్; దాని ప్రయోగం కోసం నౌక వేగం తగ్గించడమే కొంప ముంచిందని వాదించేవారు ఉన్నారు. నేనూ నౌకలో పనిచేసినవాణ్ణే అయినా, ఒడ్డున కూర్చుని ఆ రాత్రి మీద తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు.

జవాబు 2 (సత్యనారాయణపురం, విజయవాడ):
అది విరోధికృత్ నామ సంవత్సరం, మార్గశిర బహుళ పక్షం. ఘటన రాత్రివేళ జరిగింది గనుక ఆ ఏటి పంచాంగం ముందు పెట్టుకుని, ఆ సమయానికి ఉన్న తిథిని మీ పురోహితునిచేత నిర్ణయింపజేసుకోండి. మహాలయ పక్షంలో అయితే యుద్ధంలో పోయినవారికి అమావాస్య కాక, దాని ముందురోజు చతుర్దశి చెప్పబడింది.

జవాబు 3 (తెనాలి):
డయ్యూలో సముద్రపు ఒడ్డున ఖుక్రీ స్మారకం ఉంది. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగచక్ర గోడల మీద అమరుల పేర్లు చెక్కారు, అక్కడ ఆయన పేరు వెతకండి. సర్వీసు వివరాల కోసం ఆ టెలిగ్రాం నకలుతో గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే, ఎవరికి ఎలా రాయాలో చెబుతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు మళ్లీ చూస్తే రెండు కార్డుల మీదా ఉన్నది బొంబాయి తపాలా ముద్రే. విశాఖ అన్న మాట మనసులో నాటుకుపోయి ఇన్నేళ్లూ ఎవరమూ దాన్ని చదవలేదు. పెద్దతాతయ్యకు మీ జవాబులన్నీ చదివి వినిపించాను. "విశాఖ కాదన్నమాట" అని ఊరుకుని, కాసేపటికి ఈసారి చతుర్దశి ఏ వారం వస్తుందో చూడమన్నారు. ఆ రోజు ఆయనను సీతానగరం ఘాటుకు తీసుకువెళ్తాను.